దాచని విద్య



మందు పేరు బయట పెట్టినచో దాని గుణము పోవునని మన పల్లెలలో నొక నమ్మకము తరతరములుగా వచ్చుచున్నది. పసరువైద్యము తెలిసిన పెద్దవాడు ఆకును నలిపి రసము పోయునే గాని, ఆ యాకు ఏ చెట్టుదో చెప్పడు. కడపటి దినములలో కొడుకునకో మేనల్లునకో చెవిలో చెప్పును. చెప్పుటకు వ్యవధి లేక కన్ను మూసెనా, ఆ మందు ఆయనతోనే కాటికి పోవును. మా గుమ్మలక్ష్మీపురము చుట్టునున్న కొండలలో నిట్లు పోయిన మందులెన్నియో లెక్క చెప్పగలవారు లేరు.

ఇందుకు విరుద్ధమైన ధర్మమొకటి మన వంటయిండ్లలో గలదు. పొరుగింటి యిల్లాలు గిన్నె పట్టుకొని వచ్చి "వదినా, కాస్త తోడు పెట్టు" అనినప్పుడు లేదని పంపివేసిన గృహిణిని నేనింతవఱకు చూడలేదు. గరిటెడు పెరుగు తీసి యిచ్చినంత మాత్రమున మన పాలు తోడుకొనకుండ పోవు. ఒకనాడు మన పెరుగు పాడైనచో ఆమె యింటినుండియే మరల తెచ్చుకొందుము. దాచిన మందు, పంచిన తోడు: విద్య విషయమున లోకమెప్పుడును ఈ రెండు మార్గములలో నేదో యొకదానిని పట్టి నడచుచున్నది. నేడు కంప్యూటరు విద్యలోను ఈ తగవే నడచుచున్నది.

"ఇది మగవారి గొడవ, మనకెందుకు?" అని కొందఱనవచ్చును. కాని బియ్యపు కార్డు మొదలు పింఛను వఱకు, గ్యాసు బండ మొదలు పిల్లవాని పాఠము వఱకు సమస్తమును చేతిలోని ఫోనులోనికి వచ్చి చేరినది. ఇంటిలోని తాళములన్నియు ఎవరో క్రొత్తవారు మార్చి వేసినప్పుడు, ఆ తాళపుచెవులు ఎవరి యొద్ద నున్నవని యిల్లాలు అడుగకున్న మఱి యెవ్వరడుగుదురు?

కంప్యూటరు తనంత తానుగా ఏమియు నెఱుగదు. ఏది ముందు చేయవలెనో, ఏది తరువాత చేయవలెనో వరుసగా వ్రాసి యిచ్చిన విధానమును బట్టి నడచును. ఆ విధానమునకు ప్రోగ్రామనియు, సాఫ్టువేరనియు పేరు. దానికి రూపములు రెండు. మొదటిది ఒక మనుష్యుడు వ్రాసినది, మఱియొక మనుష్యుడు చదివి గ్రహింపదగినది. దీనిని సోర్సుకోడందురు, మన మాటలో మూలపాఠమనవచ్చును. రెండవది ఆ మూలమును యంత్రమునకు తెలియునట్లు ఒకట్లు, సున్నల బారుగా మార్చిన రూపము. దానిని చూచి మూలమును పోల్చుకొనుట నిపుణులకును కష్టము. పెక్కుమంది వర్తకులు మనకమ్మునది రెండవ రూపము మాత్రమే. దానిని వాడుకొనవచ్చును గాని, లోన నేమున్నదో చూడరాదు, చెడినచో బాగుచేసికొనరాదు, పొరుగువారికి పంచరాదు. ఇట్లు గాక మూలపాఠమును గూడ చేతికిచ్చి, "చదువుడు, మీ యవసరమునకు తగినట్లు దిద్దుకొనుడు, నలుగురకు పంచుడు" అని చెప్పెడు సాఫ్టువేరును ఓపెన్ సోర్సు సాఫ్టువేరనియు, స్వేచ్ఛా సాఫ్టువేరనియు పిలుచుచున్నారు.

ఈ పద్ధతి తెలుగువారికి క్రొత్త గాదు. నన్నయభట్టారకుడు 11వ శతాబ్దమున రాజమహేంద్రవరమునందు రాజరాజనరేంద్రుని కోరికపై భారతమును తెనిగింప మొదలిడి, అరణ్యపర్వము నడుమ విడిచెను. 13వ శతాబ్దమున తిక్కన విరాటపర్వము మొదలు తుదివఱకు 15 పర్వములను రచించెను. 14వ శతాబ్దమున ఎఱ్ఱన వచ్చి, మిగిలిన యరణ్యపర్వ శేషమును పూరించి, దానిని నన్నయ కూర్చినట్లే భావించి రాజరాజునకే యంకితముగా ముగించెను. మూడు శతాబ్దుల కాలము, మూడు విధములైన శైలులు; గ్రంథము మాత్రమొక్కటి. నన్నయ వ్రాసిన పాఠము ఏ రాజుగారి భోషాణములోనో తాళము వేయబడి యుండినచో తిక్కన కలమును ఎచ్చట నానించియుండును?

మఱియొక విశేషము. తాళపత్రములను చూచి వ్రాయువారు తప్పులు వ్రాయుదురు. ప్రతి యొక్కటియే యైనచో ఆ తప్పు శాశ్వతమగును. పది యిండ్లలో పది ప్రతులున్నచో ఒకదానిని మఱియొకదానితో పోల్చి సరిదిద్దవచ్చును. 19వ శతాబ్దమున సి. పి. బ్రౌను దొర మన పండితులను కూర్చుండబెట్టి ప్రతులను పోల్పించి శుద్ధప్రతులను వ్రాయించినది ఈ విధముననే. మూలపాఠము పదిమంది కన్నుల యెదుట నుండుటవలన కలుగు మేలు కావ్యమునకెట్లో కంప్యూటరునకు నట్లే.

ఈ యంత్రవిద్యలో పంచుకొను ధర్మమును మొదట పాటించినవారిలో నొకరు స్త్రీ యని తెలిసినప్పుడు నాకు కలిగిన సంతోషము ఇంతంత గాదు. ఆమె అమెరికా దేశస్థురాలు గ్రేస్ హాపరు (1906-1992). గణితశాస్త్రమును బోధించుచుండి, రెండవ ప్రపంచయుద్ధ కాలమున నౌకాదళమున చేరెను. మనుష్యుని వ్రాతను యంత్రభాషలోనికి మార్చు పనిని యంత్రమునకే అప్పగింపవచ్చునని చెప్పి, 1952లో అట్టి సాధనమును నిర్మించెను. 1953లో ఆమె బృందము తమ యూనివాక్ యంత్రమును కొన్నవారికి దాని మెఱుగైన కూర్పును మూలపాఠముతో సహా పంపి, "మీరు చేసిన దిద్దుబాట్లను మాకు తెలుపుడు" అని కోరెను. తోడు పెట్టి పంపుట వంటి పనియే గదా యిది!

తరువాతి కాలమున వర్తకము పెరిగి మూలపాఠములు తాళములలోనికి పోయెను. 1980 ప్రాంతమున రిచర్డ్ స్టాల్మనను నాతడు అమెరికాలోని ఎం.ఐ.టి. ప్రయోగశాలలో పనిచేయుచుండగా, అచ్చటికి క్రొత్త ముద్రణయంత్రమొకటి వచ్చెను. అందులో కాగితములు తఱచుగా చిక్కుకొనెడివి. పాత యంత్రమున నట్లు చిక్కుకొన్నప్పుడు వాడువారికి కబురందునట్లు ఆతడు దాని ప్రోగ్రామును దిద్దియుండెను. క్రొత్తదానిని గూడ నట్లే దిద్దుదమనిన మూలపాఠమును చూపుటకు దాని నెఱిగినవారు నిరాకరించిరి. ఇట్టి అనుభవములతో విసిగి, 1983లో ఆతడు అందఱకును స్వేచ్ఛగా లభించు సాఫ్టువేరును నిర్మింతునని ప్రకటించెను. 1985లో అందుకొక సంస్థను స్థాపించెను. 1991లో ఫిన్లాండు దేశమున హెల్సింకి విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ లినక్సు అను మూలభాగమును వ్రాసి లోకమునకు విడిచెను. మనలో ననేకుల చేతులలో నున్న ఆండ్రాయిడు ఫోను లోపల నడచుచున్నది ఆ లినక్సే. 1998 ఫిబ్రవరిలో ఈ విద్యకు "ఓపెన్ సోర్సు" అను పేరును సూచించినది క్రిస్టీన్ పీటర్సను, ఆమెయు స్త్రీయే.

ఇంగ్లీషువారికి ఈ విషయమున నొక చిక్కు గలదు. వారి భాషలో వెల లేనిదియు ఫ్రీయే, సంకెల లేనిదియు ఫ్రీయే. మన భాషలో ఉచితము వేఱు, స్వేచ్ఛ వేఱు. సంతలో నుచితముగా పంచి పెట్టిన మిఠాయి యంతయు మేలు చేయునని చెప్పలేము. అట్లే వెల లేకుండ ఫోనులో దిగెడు ప్రతి సాఫ్టువేరును స్వేచ్ఛా సాఫ్టువేరు కాదు. పెక్కింటి మూలపాఠము మూసియే యుండును. స్వేచ్ఛా సాఫ్టువేరును అమ్ముకొనవచ్చును. కొన్నవాని చేతులు కట్టివేయరాదు, అంతియే.

స్టాల్మను 1989లో ప్రకటించిన జి.పి.ఎల్. అను లైసెన్సులో చక్కని నియమమొకటి కలదు. మూలపాఠమును తీసికొని దిద్ది నీవితరులకు పంచినచో, నీకు లభించిన స్వేచ్ఛనే వారికిని ఈయవలెను. మా యింట తోడు పుచ్చుకొన్నావు. నీ యింటికి గిన్నెతో వచ్చిన యామెకు లేదనరాదు. ఈ యొక్క నియమము లేకున్న అందఱ సొత్తును ఒకడు కంచె వేసికొని అనుభవించును.

ఇంతవఱకు దూరదేశముల మాట చెప్పితిని. ఇక మా కొండల మాట చెప్పెదను. నాకీ విద్యపై అభిప్రాయమేర్పడినది ఇచ్చటనే.

గుమ్మలక్ష్మీపురము తూర్పుకనుమల నడుమ, ఒడిస్సా సరిహద్దు చెంత నున్నది. 2022 ఏప్రిలు వఱకు విజయనగరము జిల్లాలో నుండి, పిమ్మట పార్వతీపురం మన్యం జిల్లాలో చేరినది. ఇచ్చటి గూడెములలో సవరలు, జాతాపులు నివసింతురు. సవర భాష తెలుగునకు చుట్టము కాదు. సంతాలీ, ముండారీలవలె ముండాభాషా కుటుంబమునకు చెందినది. గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు (1863-1940) పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండి, రెండు భాషలును తెలిసిన యొకనిని ఇంట నుంచుకొని సవర నేర్చి, ఆ పిల్లలకు తెలుగు లిపిలో వాచకములు వ్రాసిరి. 1931లో వారి సవర వ్యాకరణము, 1938లో సవర-ఇంగ్లీషు నిఘంటువు వెలువడినవి. వాడుకభాషకై జీవితమంతయు పోరాడిన ఆ మహనీయుని గూర్చి నేనీ గ్రాంథికమున వ్రాయుచుండుట చూచిన ఆయన నవ్వుకొందురేమో! తండ్రిగారు చిన్ననాట నేర్పిన భాష చేతిని విడువకున్నది.

సరిహద్దు కావల ఒడిస్సాలో మంగేయి గొమాంగో 1936లో సవరకు సొంత లిపిని కల్పించెను. సొరా సొంపెంగ్ అను ఆ లిపి 2012లో యూనికోడులో చేరినది. యూనికోడనగా లోకములోని లిపుల యక్షరములన్నింటికిని ఒక్కొక్క సంఖ్యను నిర్ణయించి, ఏ యంత్రమైనను ఆ సంఖ్యను చూచి ఆ యక్షరమునే చూపునట్లు చేసిన యేర్పాటు. తెలుగునకు 1991లో మొదటి కూర్పునందే చోటు దొరికినది. మన వైపు మాత్రము సవరను తెలుగు లిపిలోనే వ్రాయుచున్నారు. 2004 ప్రాంతమున ప్రభుత్వము సవర, కువి మున్నగు 8 గిరిజన భాషలలో ప్రాథమిక వాచకములను సిద్ధము చేయించినది.

మా వారు ఉపాధ్యాయులు. బడికి క్రొత్తగా వచ్చిన సవర పిల్లలు తెలుగు తెలియక బిక్కమొగము వేయుట చూచి, వారి మాటలను వ్రాసికొన నారంభించిరి. సంత దినమున గూడెమునుండి దిగివచ్చు ముసలి సవర అవ్వ మా యరుగుపై కూర్చుండి, చోడి అంబలి త్రాగుచు గింజల పేర్లు, చెట్ల పేర్లు, చుట్టరికములు, జ్వరములలోని భేదములు చెప్పుచుండెడిది. ఆయన వ్రాసికొనెడివారు, తప్పుగా పలికినచో ఆమె నోరు నొక్కుకొని నవ్వెడిది. అట్లు పదేండ్లలో మూడువేల మాటలు పోగైనవి. వాటినన్నింటిని వెల పెట్టి కొన్న తెలుగు టైపు ప్రోగ్రాములో నెక్కించిరి.

పిమ్మట అవ్వ కాలము చేసెను. మఱుసటి వానకాలమున ఆ కంప్యూటరు చెడిపోయెను. ఫైళ్ళు వేఱొక చోట భద్రముగనే యున్నవి. క్రొత్త కంప్యూటరులో వాటిని తెఱచి చూచిన, ఇంగ్లీషు అక్షరములు, ప్రశ్నార్థకములు, వింత గుఱుతులు కలగాపులగముగా కనబడినవే గాని తెలుగు అక్షరమొక్కటియు లేదు. ఆ ప్రోగ్రాము తెలుగును యూనికోడు సంఖ్యలతో గాక తనకు మాత్రమే తెలిసిన సంకేతములతో దాచియుంచినదట. అమ్మినవారికి వ్రాయగా, ఆ కూర్పునకు తామిప్పుడు పూచీ లేదనియు, క్రొత్తది కొనుడనియు, అది పాత ఫైళ్ళను తెఱచునని మాట యీయలేమనియు బదులు వచ్చెను. అవ్వ చెప్పిన మాటలు మా బీరువాలోనే యుండియు మాకు చదువరానివైనవి. మా వారు ఆ వారమంతయు భోజనము సరిగా చేయలేదు.

ఆయన పూర్వశిష్యుడొకడు విశాఖపట్టణమున ఇంజనీరింగు చదువుచు దసరా సెలవులకు వచ్చి ఈ సంగతి వినెను. వెన్న నాగార్జునగారు పద్మ అను సాధనమును నిర్మించి మూలపాఠముతో సహా లోకమునకిచ్చియుండిరి. వార్తాపత్రికలు మున్నగువారు వాడిన పాత తెలుగు ఫాంట్ల వ్రాతను అది యూనికోడులోనికి మార్చును. 2003 డిసెంబరులో తెలుగు వికీపీడియా మొదలగుటకును ఆయన కృషి తోడ్పడినది. మా ఫాంటు ఆ పట్టికలలో లేదు. కాని మూలపాఠము తెఱచియుండుటచేత, ఇతర ఫాంట్లకు పట్టికలెట్లు వ్రాసిరో ఆ పిల్లవాడు చదివి తెలిసికొని, మా దానికి నొక పట్టికను వ్రాయ కూర్చుండెను. పూర్వము అచ్చు తీసి యుంచిన కొన్ని పుటలను నేను ప్రక్కన పెట్టుకొని, ఏ వింత గుఱుతు ఏ గుణింతమో, ఏది యే వత్తో చెప్పుచుంటిని, ఆతడు చేర్చుచుండెను. పది సాయంకాలములు గడచినవి. పదునొకండవ నాడు తెర మీద "చోళ్ళు" అని తెలుగులో వచ్చి, దాని ప్రక్కన అవ్వ చెప్పిన సవర మాట కనబడెను. మా వారు కండ్లజోడు తీసి తుడుచుకొనిరి. కొన్ని పుటలు పాడై దొరకనే లేదు, అధికభాగము దొరకినది.

మఱియొక కొఱత యుండెను. సవరలో గొంతునందు ఠక్కున ఆగి తెగెడు ధ్వని యొకటి కలదు. తెలుగులో దానికి అక్షరము లేదు. ఆ ప్రోగ్రాము అమ్మినవారిని పూర్వమొకమాఱు అడిగిన, ఇంత కొద్దిమంది కొఱకు క్రొత్త గుఱుతు చేయుట తమకు గిట్టుబాటు కాదనిరి. వర్తకునిగా ఆ మాట తప్పు గాదు. కాని గిట్టుబాటు కాని భాష మాట్లాడు బిడ్డ ఏమి కావలెను? 2012 ప్రాంతమున సిలికానాంధ్రవారు రాష్ట్రప్రభుత్వముతో కలసి రామభద్ర, సూరన్న, ధూర్జటి, గురజాడ, మండలి మొదలైన తెలుగు ఫాంట్లను, ఎవ్వరైనను దిద్దుకొని వేఱు పేరుతో పంచుకొనవచ్చునను లైసెన్సుతో వెలువరించియుండిరి. ఆ పిల్లవాడు వానిలో మండలి ఫాంటును తీసికొని, ఆ తెగెడు ధ్వనికి చిన్న గుఱుతు నమర్చి, వేఱు పేరు పెట్టి యిచ్చెను. పుస్తకము పై యట్టకు మాత్రము గిడుగువారి పేర నున్న గిడుగు ఫాంటునే వాడవలెనని మా వారు పట్టుబట్టిరి. ఆ పని చేయుటకు మేమెవరి యనుమతి కొఱకును వ్రాయవలసిన యక్కఱ లేకపోయెను.

ఇందుకు విరోధముగా చెప్పువారి మాటలలోను సత్యము లేకపోలేదు. "అన్నియు పంచి పెట్టినచో వ్రాసినవాడేమి తినును?" అని మా బంధువొకరడిగిరి. సాఫ్టువేరును పంచుచు, దానిని కుదుర్చుటకు, కాపాడుటకు, నేర్పుటకు ప్రతిఫలము పుచ్చుకొనువారున్నారు. రెడ్ హ్యాటను సంస్థ ఈ విధముననే వ్యాపారము చేసి యెదుగగా, 2019లో ఐ.బి.ఎం. వారు దానిని 3,400 కోట్ల డాలర్లకు కొనిరి. కొనువారికిని లాభము గలదు. కేరళ ప్రభుత్వపు బడులు చాలకాలముగా స్వేచ్ఛా సాఫ్టువేరుతో కంప్యూటరు పాఠములు చెప్పుచున్నవి. రెండు లక్షలకు పైబడిన కంప్యూటర్లకు ఇట్టి సాఫ్టువేరునే వాడుటచే 3,000 కోట్ల రూపాయలు మిగులునని అచ్చటి కైట్ సంస్థ 2019లో ప్రకటించినది.

కాని బందువుగారి ప్రశ్న యంతటితో తీరదు. ఊరబావి యందఱిది. అందఱును నీరు తోడుకొందురు; పూడిక తీయు నాడు మాత్రము ఇంటింటికి పోయి పిలువవలెను. ఇంటర్నెట్టులో మన సంగతులను రహస్యముగా పంపుటకు వాడెడు ఓపెన్ ఎస్.ఎస్.ఎల్. అను సాఫ్టువేరులో 2014 ఏప్రిలున పెద్ద లోపమొకటి బయటపడెను. లోకమంతయు ఆధారపడిన ఆ సాధనమునకు అంతకుముందు ఏడాదికి సుమారు 2,000 డాలర్ల విరాళము మాత్రమే వచ్చుచుండెనట! కోట్లకొలది లాభము నార్జించుచున్నవారును ఆ బావినీరే త్రాగిరి.

2024లో జరిగినది ఇంతకంటె భయంకరము. ఎక్స్ జెడ్ అను చిన్న సాధనమును ఒక్కడు తీరిక వేళలలో కాపాడుచు అలసియుండెను. ముఖమెఱుగని యొకడు సాయము చేయుదునని చేరి, రెండేండ్లకు పైగా మంచివానివలె పనిచేసి నమ్మకము సంపాదించి, తుదకు దొంగద్వారమొకటి అందులో నమర్చెను. అది నలుదెసల వ్యాపింపక ముందే, మార్చి 29వ తేదీన ఆండ్రెస్ ఫ్రాయిండను ఇంజనీరు దానిని బయటపెట్టెను. తన యంత్రములోనికి ప్రవేశించునప్పుడు అరక్షణము ఆలస్యమగుట ఆతనికి వింతగా తోచి, కారణము వెదకుచు పోగా దొంగ చిక్కెను. పాల చిక్కదనములోని రవ్వంత భేదమును గరిటె త్రిప్పుచునే కనిపెట్టు ఇల్లాలి వంటివాడు! మూలపాఠము తెఱచియుండుటచే వెదకుట సాధ్యమైనది. కాని వెదకు మనస్సు గలవాడొకడుండుట చేతనే గదా మనము బ్రతికితిమి. తెఱచియుంచినంత మాత్రమున చాలదు. కాపాడువానికి కూడు, తోడు గూడ కావలెను.

ఇటీవల కృత్రిమ మేధస్సను క్రొత్త విద్య వచ్చినది. అడిగినదానికి తెలుగులో బదులు చెప్పును, కథలల్లును, ఉత్తరములు వ్రాయును. మా వారి విద్యార్థి యొకడు దానిని సవర మాటలలో నాలుగింటికి అర్థములడిగెను. తెలియదనక నాలుగింటికిని తడుముకొనకుండ అర్థములు చెప్పెను, నాలుగును తప్పే. మనుష్యులు మొగమాటమున కొంచెము నట్టుదురు, దానికి నదియు లేదు. ఈ తప్పులే రేపు ఎవరో పుస్తకములో నచ్చు వేసినచో, వాటినే చదివి మఱియొక యంత్రము నేర్చికొనును. అవ్వ నవ్వుటకు లేదు.

ఈ యంత్రము చదివినదానిని బట్టి మాటలాడును. సవరలో చదువుటకేమి యున్నది? 2023లో మద్రాసు ఐ.ఐ.టి.లోని ఏఐ ఫర్ భారత్ అను బృందము రాజ్యాంగములోని 8వ షెడ్యూలునందున్న 22 భాషలకును అనువాద సాధనమును నిర్మించి బహిరంగముగా విడిచినది. మిక్కిలి మెచ్చదగిన పని. కాని సవర, కువి భాషలు ఆ షెడ్యూలులో లేవు. అదే సంవత్సరమున హైదరాబాదులోని స్వేచ్ఛ అను సంస్థ ఇంజనీరింగు విద్యార్థులను కూర్చి వేలకొలది పుటల తెలుగు కథలను సేకరింపజేసి, చందమామ కథలను పేర కథలు చెప్పు చిన్న తెలుగు యంత్రమునకు ఆధారము కల్పించెను. విద్యార్థులు పూనుకొన్న తెలుగునకట్లు సాధ్యమైనప్పుడు, మన్యపు పిల్లలు పూనుకొన్న సవరకు మాత్రమేల కాదు?

ఈ విద్యలో "మాది ఓపెన్" అను మాటను పరీక్షించి పుచ్చుకొనవలెను. కొందఱు తమ యంత్రమును ఎవ్వరైనను దింపుకొనవచ్చునందురు. కాని దానికేమి చదివించిరో చెప్పరు. ఊరగాయ జాడీ చేతికిచ్చి, ఆవపిండి కారముల పాళ్ళు గాని, కాయ యెక్కడిదో గాని చెప్పకుండుట వంటిది. తినవచ్చును, మనము పెట్టుకొనలేము. కడుపు నొచ్చినచో కారణము తెలియదు. 2024 అక్టోబరులో ఓపెన్ సోర్స్ ఇనీషియేటివను సంస్థ దీనికొక నిర్వచనమును ప్రకటించి, వాడిన సమాచారమును గూర్చి తగినంత వివరము తెలుపవలెనని చెప్పినది. వివరము చాలదు, ఆ సమాచారమునే యీయవలెనని వాదించువారును గలరు. నాకు వారి వాదమే రుచించినది గాని, ఒక్క చోట మాత్రము సంశయము గలదు.

అవ్వ మాటలన్నియు చెప్పినది గాని, చచ్చిపోయినవారిని పిలుచునప్పుడు పాడు పాటలను చెప్పలేదు. "అవి ఊరకే చెప్పేవి కావు బాబూ" అనినది. మా వారు కలము మూసివేసిరి. దాచిన విద్యను ఇంతసేపు నిందించిన నేనే ఈ దాపఱికమును మన్నింపుమనుట వింతగా తోచవచ్చును. కాని తోడు పెట్టునది ఇంటి యిల్లాలు. గోడ దూకి వచ్చి పెరుగు కుండనెత్తుకొని పోవుట వేఱు. మన పసుపు గాయములను మాన్పునను సంగతిపై 1995లో అమెరికాలో పేటెంటు పుచ్చుకొనిరి, మన సి.ఎస్.ఐ.ఆర్. వారు పాత గ్రంథములను చూపి వాదింపగా 1997లో అది రద్దయినది. వ్రాసియున్న గ్రంథములుండుట చేత పసుపు నిలిచినది. వ్రాయబడని కొండవారి విద్యను ఎవరు నిలుపుదురు? కావున ఏది పంచవలెనో, ఏది తమలో నుంచుకొనవలెనో నిర్ణయించు హక్కు ఆ విద్య గలవారిది. పంచినదానిని మఱియొకడు కట్టివేయకుండ కాపాడు పూచీ మన యందఱిది. మా పుస్తకమును గూడ ఆ గూడెపు పెద్దలకు చదివి వినిపించి, వారు వలదనిన 17 మాటలను తీసివేసిన పిదపనే బయటికిచ్చితిమి.

ఇంతకు మనము చేయదగినదేమి? మీ పిల్లల బడికి కంప్యూటర్లు వచ్చినప్పుడు, "ఇందులో వ్రాసినది పదేండ్ల పిమ్మట వేఱొక యంత్రములో తెఱచుకొనునా?" అని అడుగుడు. మీ యింటి లెక్కలు, ఉత్తరములు, పాటలు యూనికోడులోనే వ్రాయింపుడు. తెలుగు వికీపీడియాలో నేడు లక్షకు పైగా వ్యాసములున్నవి. దాని తోబుట్టువైన విక్షనరీలో మాటలకర్థములున్నవి. వానిలో నెవ్వరైనను వ్రాయవచ్చును, దిద్దవచ్చును. యుద్ధములను గూర్చి వ్రాయువారు పెక్కుమంది గలరు. అప్పడాలపిండి కుదురు, కందిలో రకములు, బాలింతపథ్యము, మీ వైపు మాత్రమే వాడుకలో నున్న చుట్టరికపు పిలుపులు, వీనిని మనము వ్రాయకున్న మఱి యెవ్వరును వ్రాయరు. చేతిలో నాలుగు రూపాయలున్నవారు తాము వాడుచున్న స్వేచ్ఛా సాఫ్టువేరు నిర్మించువారికి ఏడాదికొకమాఱు పంపవచ్చును. అది పూడిక తీయుటకు మన వంతు.

ఈ చలికాలమున సామలు, చోళ్ళు, కొఱ్ఱలు ఇల్లు చేరిన పిమ్మట, మా యూరి సవర, జాతాపు స్త్రీలతో గూర్చుండి, వారు దాచుకొను విత్తనముల పేర్లను, వానిని పురుగు పట్టకుండ కాపాడు విధములను, వారు చెప్పుమనినంత వఱకు వ్రాయ సంకల్పించితిని. ఆ పిల్లవాడు చేసిన ఫాంటు నా యొద్ద నున్నది. మీ వైపు గింజల పేర్లు తెలిసినవారు ఈ పత్రికకు వ్రాసి పంపినచో వానిని గూడ ప్రక్కన చేర్చెదను.